మాస్టారు పాస్ చేసిన రంగు

కంటికట్టు విప్పగానే మాస్టారు అడిగిన మొదటి మాట, "ఈ గదికి కొత్తగా రంగు వేయించారా?" అని.

"వేయించి మూడేళ్ళయిందండీ," అంది కంటి డాక్టరు. "అప్పుడూ ఇదే తెలుపు. ఒక కన్ను మూసి ఇంకోదానితో చూడండి. తర్వాత మార్చి చూడండి."

మాస్టారు ఎడమకన్ను అరచేత్తో మూశారు. గోడ తెల్లగా ఉంది. కుడికన్ను మూశారు. అదే గోడ టీ ఒలికి ఆరిపోయిన గుడ్డలా ఉంది. మళ్ళీ మార్చారు. మళ్ళీ మార్చారు. బయట వరుసలో కూర్చున్నవాళ్ళు గొణగడం మొదలుపెట్టేదాకా ఆయన చెయ్యి ఈ కంటి మీంచి ఆ కంటి మీదికి తిరుగుతూనే ఉంది.

"కుడికంట్లో పొర తీసేశాం. ఎడమకంట్లో అలాగే ఉంది, నెల పోయాక అదీ తీద్దాం," అంది డాక్టరు. "ఈ పొర ఒక్కరోజులో రాదు. ఏళ్ళతరబడి కొంచెం కొంచెంగా పసుపెక్కుతుంది. అందుకే మనిషికి తెలీదు. ఇంకోమాట. కొన్ని వారాలపాటు ఈ కుడికంటికి అన్నీ ఉన్నదానికంటే కాస్త నీలంగా కనిపిస్తాయి. కుదురుకునేదాకా రంగుల విషయంలో ఏ కంటినీ గట్టిగా నమ్మకండి."

"నేను రంగుల మనిషినమ్మా. ముప్పై నాలుగేళ్ళుగా మా మిల్లులో కర్టెన్ల గుడ్డకి ఏ రంగు వెయ్యాలో చెప్పేది నేనే."

"అయితే మీరు అసలే నమ్మకూడదు," అని ఆవిడ కంటిమందు సీసా చేతిలో పెట్టి తర్వాతి మనిషిని పిలిచింది.

ఇంటికి వచ్చి నల్లకళ్ళద్దాలు తీశారు మాస్టారు. భార్య మంచం మీద ఉతికిన బట్టలు కుప్పపోసుకుని మడతపెడుతోంది. ఆయన ఆ కుప్పని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఈ నీలం చొక్కాలు ఎవరివి?"

"మీవే."

"నాకు నీలం చొక్కాలెక్కడివి? తెల్లవి తప్ప నేనెప్పుడన్నా వేసుకున్నానా?"

ఆవిడ మడత ఆపలేదు. "తెల్లవే ఇవి. ఉతకడం చేతకాదు, బట్టలన్నీ పచ్చబడిపోతున్నాయి, నీలిమందు వెయ్యి అని నా ప్రాణం తీశారు. వేశాను. చాలదన్నారు. ఇంకా వేశాను. రెండేళ్ళుగా నెలకో సీసా తాగుతున్నాయి ఈ చొక్కాలు."

"ఇంత నీలంగా ఉన్నాయని చెప్పొద్దూ?"

"చెప్పాను. రంగుల సంగతి నాకు నేర్పుతావా అన్నారు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు గానీ, మీకు కామెర్లు లేవు కదా అని నేనూ ఊరుకున్నాను."

మాస్టారికి నవ్వొచ్చింది. రెండేళ్ళపాటు ఈ నీలం చొక్కాలు తొడుక్కుని, మచ్చలేని తెల్లచొక్కా మనిషినని ఛాతీ విరుచుకుని మిల్లుకి వెళ్ళారన్నమాట. గేటు దగ్గర కాపలావాడు చూశాడు. గుమాస్తా చూశాడు. అచ్చువేసే హాలులో పాతికమంది చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. నవ్వుతూనే ఆయన ఒక చొక్కా అందుకుని కిటికీ దగ్గరికి నడిచారు. సొంత చొక్కాకే ఇంత నీలం పోయించినవాడు మిల్లులో గుడ్డకి ఎంత పోయించి ఉంటాడు? నవ్వు అక్కడితో ఆగిపోయింది.

"అన్నం వడ్డిస్తున్నాను, రండి," అని భార్య రెండుసార్లు పిలిచింది. ఆయన కాలరు మడత విప్పి, లోపలి కుట్టుదాకా చూస్తూ అక్కడే నిలబడ్డారు.

వారంరోజులు గడప దాటొద్దని డాక్టరు చెప్పింది. మాస్టారు మర్నాడు పొద్దుటిదాకా ఆగారు. అదైనా రాత్రిపూట మిల్లు మూసి ఉంటుంది కాబట్టి.

రంగుల గదికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ. దాని కింద తెల్లరాతి బల్ల. గోడ పొడవునా రంగుడబ్బాలు, మూలన తూకం మిషను. రంగులు కలిపే మనిషి స్టీలు గిన్నెలు కడుగుతున్నాడు. అతను చేరి ఆరునెలలయింది. రాసిన కొలతకి ఆవగింజంత ఎక్కువ తక్కువ రానివ్వడని హాలులో అందరూ అతన్ని తక్కెడ అంటారు. అంతకుముందు ఆ పని చేసిన ఆమెని చుక్క అనేవాళ్ళు. గిన్నె మీదికి వంగి పుల్లతో కలుపుతూ, "ఇంకొక్క చుక్క, మాస్టారూ" అనడం ఆమెకి అలవాటు. ఈ పేర్లన్నీ హాలులోవాళ్ళు పెట్టినవే. మాస్టారికి వాళ్ళేం పేరు పెట్టారో మాస్టారికి మాత్రం తెలీదు.

"అప్పుడే వచ్చేశారేంటి మాస్టారూ?" అన్నాడు తక్కెడ చేతులు తుడుచుకుంటూ.

"నా పుస్తకం తియ్యి. కొట్లవాళ్ళకి చూపించే పుస్తకం కూడా పట్టుకురా."

మాస్టారి పుస్తకం ఆయన బీరువాలోనే ఉంటుంది. కొత్త రంగు కలిపినప్పుడల్లా దాన్ని ముందు ఒక చిన్నముక్క మీద అచ్చువేసి ఆయన ముందు పెడతారు. నచ్చితే పుస్తకంలో అంటించి, పక్కన 'పాస్' అని రాసి సంతకం పెడతారు. కొట్లకి వెళ్ళే పుస్తకం వేరు. దాంట్లో ముక్కలు, ఆ తర్వాత హాలులో అచ్చయిన అసలు తానుల్లోంచి కత్తిరించినవి. ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టాలని ఇన్నేళ్ళలో ఆయనకి ఎప్పుడూ తోచలేదు. పాస్ చేసిన రంగే కదా అచ్చయ్యేది, ఇందులో చూడ్డానికేముంది అనుకునేవారు.

ఇప్పుడు పెట్టారు. ఎడమకన్ను మూసుకుని కిందటేటి పేజీలు తెరిచారు.

ఆ యేడు 'వాన వెలిసింది' అని ఒక కర్టెన్ గుడ్డ చేశారు ఆయన. వాన ఆగి, ఎండ ఇంకా రాని ఆకాశం రంగు కావాలని నెలరోజులు గుంజాటనపడ్డారు. బూడిదరంగులో ఊదా ఉందా లేదా అన్నంత ఉండాలి. సొంత పుస్తకంలో ఆయన సంతకం పెట్టిన ముక్క సిరా ఒలికినట్టు ఉంది. కొట్ల పుస్తకంలో ముక్క ఆయన అనుకున్న ఆకాశమే, అచ్చంగా అదే. మనసులో ఉన్న రంగు తను పాస్ చేసిన ముక్కలో లేదు, ఎవరో మార్చిన ముక్కలో ఉంది.

పేజీ తిప్పారు. ఇటుకరంగు, ఆయన పుస్తకంలో వంకాయలోకి పోయింది. కొట్ల పుస్తకంలో ఇటుకలాగే ఉంది. మీగడరంగు, ఆకుపచ్చ, పావురంరంగు, అన్నీ అంతే. వెనక్కి తిప్పితే రెండేళ్ళ పేజీలూ అంతే. ముందుకి తిప్పుతూ ఆరునెలల కిందటి పేజీ దగ్గరికి వచ్చేసరికి రెండు పుస్తకాలూ ఒక్కటైపోయాయి. అక్కణ్ణుంచి రెండింట్లోనూ అదే సిరా. ఆ రంగుల తానులే కొట్లనుంచి వెనక్కి వచ్చి తలుపు వెనక గుట్టపడి ఉన్నాయి.

"చుక్క తూకాలు రాసిన నోటుబుక్కు ఉందా?"

"మీరే సాక్ష్యం అని సొరుగులో పెట్టి తాళం వేయించారు కదండీ," అని తక్కెడ తీసిచ్చాడు.

నిటారైన అక్షరాలు. 'మాస్టారు రాసింది: నీలం పన్నెండు. వేసింది: ఏడు.' కింద ఇంకో రంగు. 'రాసింది: తొమ్మిది. వేసింది: నాలుగున్నర.' ప్రతి పేజీలోనూ రెండు వరసలు, దాపరికం లేదు. దొంగపని చేసేవాళ్ళు ఇలా రాసిపెట్టుకుంటారా? ఆ ప్రశ్న ఆరునెలల కిందట వేసుకోవలసింది. అప్పుడు మాస్టారు ఏదో బ్యాంకులో తన కర్టెన్లే వేలాడుతుంటే చూసి, రంగు మురికి పట్టించారని మండిపడుతూ వచ్చి, ఈ నోటుబుక్కు దొరకపుచ్చుకుని ఓనరు బల్ల మీద గిరాటు వేశారు. నేనో, తనో తేల్చమన్నారు. చుక్క వేళ్ళకి రంగుతోనే గుమ్మంలో నిలబడి, "ఒక్కసారి ఇంకెవరికైనా చూపిద్దాం మాస్టారూ" అంది. ఇంకెవరికి చూపించాలి అన్నారు ఆయన. గంటలో ఆమె గేటు దాటింది.

ఆయన అదే పేజీ మీద వేలు పెట్టుకుని ఉండటం చూసి తక్కెడకి భయం పట్టుకుంది. "నేను మాత్రం మీరు రాసినంతే వేశానండీ. కావాలంటే నా నోటుబుక్కు చూసుకోండి, రెండో వరసే లేదు."

"నిన్నేమీ అనలేదయ్యా. ఆమె ఇప్పుడెక్కడుంది?"

"దారాల కొట్లో. ఏ మిల్లువాళ్ళూ తీసుకోలేదు కదండీ, ఇక్కణ్ణుంచి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం అలా ఉంది మరి."

కాగితంలో ఏముందో మాస్టారు అడగనక్కర్లేదు. 'కావాలని రంగు పాడుచేసినందుకు తొలగించడమైనది.' ఆ వాక్యం గుమాస్తాకి చెప్పి రాయించింది ఆయనే. 'కావాలని' అన్న మాట గుమాస్తా వదిలేస్తే మళ్ళీ పెట్టించారు కూడా.

దారాల కొట్టు పొడుగే గానీ వెడల్పు లేదు. రెండు గోడలకీ నేలనుంచి కప్పుదాకా రీళ్ళు. బుధవారం మాస్టారు వెళ్ళేసరికి ఒక కుట్టుపనామె గుడ్డముక్క ఊపుతూ తొందరపెడుతోంది.

"ఆకుపచ్చే కదమ్మా, ఏదో ఒకటి ఇచ్చెయ్యి, పోతాను."

"ఏదో ఒకటి ఇస్తే రేపు మీరే నా మీదికి వస్తారు," అంటూ చుక్క మూడు రీళ్ళు దించింది. రీలు తీసి గుడ్డ మీద పెట్టలేదు. ఒక్కోదాన్నుంచీ జానెడు దారం లాగి, గుడ్డమీద ఒంటిపోగుగా పరిచి, బల్ల దాటి గుమ్మంలోకి వచ్చి, ఎండ పడని వెలుతుర్లో పట్టుకుని చూసింది. చుట్టి ఉన్నప్పుడు దారం ముదురుగా కనిపిస్తుంది, ఒంటిపోగయితే తేలిపోతుంది. కుట్టులో కనిపించేది ఒంటిపోగే. అంత చిన్న సంగతి మాస్టారికి ఎన్నడూ తట్టలేదు. ఆయన ఇంట్లో భార్యకి దారం తెచ్చినప్పుడల్లా రీలునే చూసి తెచ్చేవారు, ఆవిడ ఏమీ అనకుండా మళ్ళీ వెళ్ళి మార్చుకొచ్చేది.

చుక్క తల ఎత్తి ఆయన్ని చూసింది. ఒక్కక్షణం చేతిలో దారం అలాగే ఉండిపోయింది.

"లోపలికి రండి మాస్టారూ. ఎండ కంట్లో పడుతోంది," అని స్టూలు లాగింది. కుట్టుపనామెకి రీలిచ్చి పంపేసి, "కన్ను చేయించుకున్నారటగా," అంది.

"కుడిది." దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఆయనకి ఎటో పోయాయి. "రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూశాను."

ఆమె లాగిన దారాలు మళ్ళీ రీళ్ళకి చుడుతోంది. "ముందు ఏది చూశారు?"

"వాన వెలిసింది."

"అది బాగా వచ్చింది," అంది చుక్క, ఇద్దరూ ఇంకా ఒకే బల్ల దగ్గర ఉన్నట్టు. "ఎర్ర చుక్క ఒకటి ఎక్కువ పడిందేమోనని భయపడ్డాను. ఆరాక సరిపోయింది."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మూడుసార్లు చెప్పాను." గొంతులో కోపం లేదు. "మొదటిసారి ఆ ఇటుకరంగుకి. ఊదాలోకి పోతోంది మాస్టారూ అంటే, నీ వయసెంత నా అనుభవమెంత అన్నారు. రెండోసారి, కళ్ళు ఒకసారి చూపించుకోకూడదా అన్నాను. నాలుగురోజులు నాతో మాట్లాడలేదు. మూడోది ఓనరుగారి గదిలో. అది మీకు గుర్తుండే ఉంటుంది."

మూడోది గుర్తుంది. మొదటి రెండూ ఎంత తవ్వినా గుర్తు రాలేదు. కానీ ఆమె చెప్పిన మాటల్లో తన గొంతు తనకి స్పష్టంగా వినిపించింది. ఇక కాదనడానికేముంది?

"నా పరువు కాపాడావు," అన్నారు మాస్టారు. "రెండేళ్ళు నాకే తెలీకుండా నన్ను నిలబెట్టావు. నేను నిన్ను వీధిలో పెట్టాను."

"మీ పరువు కోసం కాదు మాస్టారూ. ఉన్నమాట చెప్తున్నాను, ఏమీ అనుకోకండి." చుక్క రీలు అరలో పెట్టి ఇటు తిరిగింది. "ఆ గుడ్డ కొనుక్కున్నవాళ్ళు కర్టెన్ కట్టుకుని పదేళ్ళు ఆ గదిలో బతుకుతారు. పొద్దున్నే వెలుతురు ఆ గుడ్డలోంచే వాళ్ళ మంచం మీద పడుతుంది. అంత నీలం పోస్తే ఆ గది జబ్బుమనిషి గదిలా ఉంటుంది. రోజూ చూసేది వాళ్ళు. మీరూ కాదు, నేనూ కాదు. అది తలుచుకుంటే నా చెయ్యి ఊరుకునేది కాదు, తగ్గించేదాన్ని. మీరు గుర్తొస్తే భయమేసేది గానీ, మీ కోసమని మాత్రం చెయ్యలేదు."

మాస్టారు ఎన్నో కృతజ్ఞతలు మూటగట్టుకుని వచ్చారు. వాటిని దించడానికి ఆ కొట్లో చోటు లేకపోయింది. కొనుక్కున్నవాళ్ళు అన్న మాట ఆయన రంగుల గదిలో విని ఎన్నేళ్ళయిందో.

"ఓనరుతో మాట్లాడతాను. నీ పని నీకు ఇప్పిస్తాను."

"ఆ పని వద్దు. ఏటవతల మిల్లులో రంగులు కలిపే చోటు ఖాళీ అయింది. పిలిచి పరీక్ష పెట్టారు, ఆరు రంగులు కలిపి చూపించాను. నచ్చాయన్నారు. పాత మిల్లు కాగితం అడిగారు. శుక్రవారం సాయంత్రంలోగా ఇవ్వాలి." ఆమె బల్ల మీద కత్తెర పక్కకి జరిపింది. "అందులో ఆ ఒక్క వాక్యం తీసేయించండి. ఇన్నేళ్ళు ఇక్కడ పనిచేసింది అని ఉంటే చాలు. ఇంకేం రాయక్కర్లేదు."

"అంతేనా?"

"అంతే. ఇక్కడ రోజంతా రంగులు చూస్తాను మాస్టారూ, కలపడానికి లేదు. నా చేతులకి వచ్చింది ఆ ఒక్క పనే."

ఓనరు చిన్నప్పుడు మాస్టారి గదిలో గిన్నెలతో ఆడుకున్నవాడే. గురువారం పొద్దున్న రెండు పుస్తకాలూ బల్ల మీద తెరిచిపెడితే, ఓపిగ్గా పేజీ పేజీ తిప్పి చూశాడు.

"మీరు చెప్పాక నాకూ తెలుస్తోంది మాస్టారూ."

"ముందు కనిపించలేదా బాబూ? మీ కళ్ళకి పొర లేదు కదా."

"తానులు వెనక్కొచ్చినప్పుడు ఒకసారి అనుకున్నాను. కానీ మీరు బాగుందంటే బాగుందనుకున్నాను, పాడైందంటే పాడైందనుకున్నాను. ఈ మిల్లు మీ మాట మీదే కదా నడుస్తోంది."

మాస్టారు చుక్క కాగితం సంగతి చెప్పారు. ఓనరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"అదొక్కటీ అడగకండి. ఆమె తప్పు లేదని ఇప్పుడు మనమే కాగితం ఇస్తే, మరి తప్పెవరిదని అడుగుతారు. కొట్ల పుస్తకం అట్ట మీద 'మాస్టారి రంగులు' అని అచ్చేసి ఉంది. ఆమెని తీసుకొచ్చేయండి, పాత చోటే ఇస్తాను. మీరు పాస్ చెయ్యండి, ఆమె సరిచేస్తుంది. ఇదివరకు నడిచినట్టే నడుస్తుంది."

"తెలిసి కూడానా?"

"తెలియకుండానే నడిచింది కదా మాస్టారూ, తెలిస్తే ఇంకా బాగా నడుస్తుంది."

"మీరివ్వకపోతే నేను రాసిస్తాను."

"మీ ఇష్టం. మిల్లు పేరున్న కాగితం మీద మాత్రం రాయకండి," అన్నాడు ఓనరు, మర్యాదగానే.

మాస్టారు ఇంటికి వచ్చి, డిజైన్లు గీసే గళ్ళకాగితం తీసుకుని కూర్చున్నారు. చుక్క అడిగింది ఒక్క వాక్యం తీసెయ్యమని. ఆయన ఎన్ని రాశారో చూడండి. తన కంట్లో పొర ఎప్పుడు మొదలై ఉంటుందో రాశారు. తప్పురంగులు ఎన్ని పాస్ చేశారో లెక్కకట్టి రాశారు. ఆమె ప్రతిసారీ తనకి తెలియకుండా ఎలా సరిచేసిందో, తూకాలతో సహా రాశారు. రెండేళ్ళుగా తన పేరున వచ్చిన మెప్పంతా ఆమెదేనని, ఆమెకి తీరని అన్యాయం చేశానని రాశారు. రెండు పేజీలు నిండాయి. కొట్టేసి, మళ్ళీ రాసి, మూడోసారి చక్కగా ఎత్తిరాశారు. రాసేకొద్దీ ఆయనకి మనసు తేలికపడుతూ వచ్చింది. ఆ తేలికలోనే ఉంది చిక్కంతా.

భార్య చదివి కాగితం తిరిగిచ్చింది. "ఇంత రాయాలా?"

"ఉన్నదే కదా రాశాను."

"ఆ పిల్లకి చూపించారా?"

"ఇందులో చూపించడానికేముంది, అంతా ఆమె మంచికే అయితే," అన్నారు మాస్టారు. భార్య ఇంకేదో అనబోయి, పొయ్యిమీద పాలు చూడాలని లేచి వెళ్ళిపోయింది.

ఏటవతల మిల్లులో రంగుల మాస్టారు ఈయన ఈడువాడే. శుక్రవారం మధ్యాహ్నం ఈయన్ని చూడగానే ఎదురొచ్చి కుర్చీ వేయించాడు. ఉత్తరం రెండు పేజీలూ చదివాడు. మొదటి పేజీకి మళ్ళీ వెళ్ళి మళ్ళీ చదివాడు.

"మీరు గొప్పవారండీ," అన్నాడు. "ఈ పనిలో ఉన్నవాడెవడూ తన కంటిగురించి ఇలా రాసుకోడు."

"నా సంగతి వదిలేయండి. ఆమెని తీసుకోండి. అలాంటి చెయ్యి మీకు మళ్ళీ దొరకదు."

"చెయ్యి మంచిదే. ఆరు రంగులూ చూశాను కదా." అతను ఉత్తరం మడతపెట్టి బల్లమీద ఉంచాడు. "ఆ పాత కాగితం సంగతి మావాళ్ళు వాకబు చేసి ముందే నాకు చెప్పారు. పాడుచేసిందని రాశారంటే, ఏదో మాటామాటా అనుకుని కోపంలో రాసి ఉంటారులే, వేరే కాగితం తెస్తే తీసుకుందాం అనుకున్నాను. ఇప్పుడు మీరే చెప్తున్నారు, మీరు సంతకం పెట్టిన రంగుని రెండేళ్ళపాటు మీకు చెప్పకుండా మార్చిందని. తూకాలతో సహా."

"సరిచేసిందండీ. మార్చలేదు, సరిచేసింది."

"అది మీ కళ్ళు బాగోలేనప్పటి మాట. నా కళ్ళు బాగానే ఉన్నాయి. నేను పాస్ చేసినదాన్ని రేపు తనకి నచ్చలేదని మారిస్తే నేనేం చెయ్యను?"

మీ కళ్ళు బాగున్నాయని మీకెలా తెలుసు అని అడగాలని మాస్టారికి నాలుకచివరిదాకా వచ్చింది. ఆరునెలల కిందట అదే మాట తనని ఎవరైనా అడిగితే ఏం చేసి ఉండేవారో ఆయనకి తెలుసు. అడగలేదు. ఉత్తరం వెనక్కి ఇమ్మన్నారు. అతను ఇచ్చాడు గానీ, చదివింది వెనక్కి ఇవ్వలేడు కదా.

వంతెన దాటి దారాల కొట్టుకి వచ్చేసరికి వీధిలో సగం కొట్లు మూస్తున్నారు. చుక్క ఆయన మొహం చూసింది. చెయ్యి చాచి ఉత్తరం తీసుకుంది. గుమ్మంలో మిగిలిన వెలుతుర్లో నిలబడి చివరిదాకా చదివింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఆ రోకలి ఎత్తింది తనే కాబట్టి మాస్టారికి ఆమెవైపు చూసే మొహం లేకపోయింది.

"అన్నీ నిజాలే రాశారు," అంది చుక్క.

"అతను—"

"తీసుకోనన్నాడు. తెలుస్తూనే ఉంది. నేనైనా తీసుకోను, ఇది చదివితే." ఆమె కాగితం మడతలు సరిచేసి ఆయన చేతిలో పెట్టింది. "వెళ్ళేముందు నాకొకసారి చూపించాల్సింది మాస్టారూ."

"నీ మంచికే అనుకున్నాను."

"మీకు మంచిగా కనిపించింది," అంది చుక్క, తప్పుపట్టినట్టు కాదు, రంగు చూసి చెప్పినట్టు. తర్వాత తలుపు చెక్కలు ఒక్కొక్కటే తెచ్చి గాడిలో దించడం మొదలుపెట్టింది. మాస్టారు ఒక చెక్క అందుకోబోతే, "వద్దు, కన్ను చేయించుకున్నాక బరువులెత్తకూడదు," అని తనే తీసుకుంది. ఇన్నాళ్ళలో ఆయనకి ఇంత సిగ్గు ఎప్పుడూ కలగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా ఫరవాలేదు, కాలినవి తన చేతులైతే. ఇక్కడ కాలింది ఆమె చేతులు.

శనివారం ఆయన మిల్లుకి మామూలు వేళకే వెళ్ళారు. చొక్కా ఏ రంగుదో చూసుకోకుండానే తొడుక్కున్నారు.

తక్కెడ కొత్త ముక్క తెచ్చి తెల్లరాతి బల్ల మీద పరిచాడు. కొత్త పుస్తకం కోసం కలిపిన ఆకుపచ్చ. కొలతలు మాస్టారు ఆసుపత్రికి వెళ్ళేముందు రాసినవి. హాలులో మిషను కడిగి సిద్ధంగా ఉంచారు, ఈయన సంతకం పడితే మొదలుపెడతారు.

మాస్టారు ఎడమకన్ను మూసి చూశారు. ఆకుపచ్చలో నీలం ఎక్కువగా ఉంది. కుడికన్ను మూసి చూశారు. నీలం చాలక మురిగ్గా ఉంది. కుడికంటికి అన్నీ నీలంగా కనిపిస్తాయని డాక్టరు చెప్పింది. ఎడమకంటి సంగతి రెండేళ్ళుగా లోకానికంతటికీ తెలుసు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. తిప్పి పట్టుకున్నారు. ఎక్కడ నిలబడినా ఒక్క ముక్క రెండు రంగులుగానే ఉంది. దారాల కొట్టుకి పట్టుకెళితే చుక్క ఒక్కచూపులో చెప్పేస్తుంది. కానీ ఏ మొహం పెట్టుకుని వెళ్తారు?

"ఇలా రావయ్యా," అన్నారు. "నీకెలా ఉంది ఇది?"

తక్కెడ దగ్గరికి వచ్చాడు. "నాకేం తెలుసండీ."

"కళ్ళున్నాయి కదా. నీలం ఎక్కువైందా, సరిపోయిందా? చూసి చెప్పు."

తక్కెడ ముక్క వైపు చూడలేదు. మాస్టారి మొహంలోకి చూశాడు. "మీకెలా అనిపిస్తోందండీ?"

"నన్ను కాదు, నిన్నడుగుతున్నాను. ఏం చెప్పినా ఏమీ అనను. నీ పనికేం ఢోకా లేదు, ఒట్టు."

"అదేనండీ. మీకు ఎక్కువనిపిస్తే ఎక్కువే."

మాస్టారు తలుపు తీసి హాలులోంచి ఇద్దరిని పిలిచారు. ఇరవయ్యేళ్ళుగా అచ్చు వేస్తున్నవాళ్ళు, రంగు నలుసంత తేడా వచ్చినా పసిగట్టేవాళ్ళు. ఇద్దరూ బల్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒకడు "బాగుంది మాస్టారూ" అన్నాడు. రెండోవాడు మొదటివాడి వైపు చూసి, మాస్టారి వైపు చూసి, "బాగోలేదా మాస్టారూ?" అని అడిగాడు.

"మీకు కనిపించింది చెప్పండి. నాకు కనిపించడం లేదు."

ఆ మాట అనడానికి ఆయనకి చాలా కష్టమైంది. వాళ్ళకి వినడం ఇంకా కష్టమైనట్టుంది. ముగ్గురూ తలలు దించుకున్నారు. తలుపు వెనక గుట్టపడ్డ తానులు వాళ్ళకి కనిపిస్తూనే ఉన్నాయి. ఈ గదిలో కనిపించింది చెప్పిన మనిషి ఏమైందో కూడా వాళ్ళకి తెలుసు. కాసేపటికి హాలువాళ్ళిద్దరూ మిషను దగ్గర పనుందని వెళ్ళిపోయారు.

తక్కెడ బీరువాలోంచి మాస్టారి పుస్తకం తెచ్చాడు. ముక్కకి జిగురు రాసి ఖాళీ పేజీలో వంకర లేకుండా అంటించాడు. పెన్ను మూత తీసి రెండు చేతులతో అందించాడు.

"ఎక్కువో తక్కువో నాకెందుకండీ," అన్నాడు మెల్లిగా, ఆయన్ని ఓదార్చాలనే. "మీరు పాస్ అని రాయండి చాలు. నేను అంతే కలుపుతాను."